కోపాలమ్మ గది

మా అత్తయ్యకి కోపం ముక్కు మీద ఉంటుందని చుట్టాలంతా అంటారు. పచ్చి అబద్ధం. ముక్కు మీది కోపమైతే ఒక తుమ్ముకి పోతుంది. ఆవిడ కోపం పొద్దున్నే జడ అల్లుకుంటున్నప్పుడు మొదలై, సాయంత్రం చెప్పులు విడిచేదాకా ఒళ్ళంతా పరుచుకుని ఉంటుంది. పనిచేసే చోట ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ కోపాలమ్మ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడ కూడా "ఆఁ, ఏంటి?" అని నిక్షేపంగా పలుకుతుంది.

ఆవిడ పనిచేసేది ఊరి చివరున్న పెద్ద వినోదాల పార్కులో. జెయింట్ వీలు, నీళ్ళ జారుడుబల్లలు, చీకటి గుహలోకి వెళ్ళే రైలు, మనుషుల్ని తలకిందులు చేసే రోలర్ కోస్టర్, అన్నీ ఉంటాయి. సెలవురోజుల్లో ఇసుక వేస్తే రాలదు. గేటు దాటగానే ఐస్‌క్రీం కొట్టుకీ, చక్రాల కుర్చీలు పెట్టే షెడ్డుకీ మధ్య ఒక చిన్న గది ఉంది. తప్పిపోయిన పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారు. గోడ మీద ఎవరో జిరాఫీని గీయబోయి, మెడకి చోటు చాలక దూడని చేసి వదిలేశారు. కాసిని పొట్టి ప్లాస్టిక్ కుర్చీలు, మంచినీళ్ళ క్యాను, ఒక ల్యాండ్‌ఫోను, ఒక మైకు. తలుపు నడుం దాకానే ఉంటుంది, గడియ మాత్రం పిల్లల చెయ్యి అందకుండా, పైనుంచి వంగి తీసేలా బయటివైపు ఉంటుంది. ఆ తలుపు వెనక మా అత్తయ్య ఉంటుంది.

అంతకుముందు ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. పుట్టిన బిడ్డ కాలికి తల్లి పేరున్న చీటీ కట్టడం ఆవిడ పని. తల్లి కడుపులోంచి బయటపడ్డ బిడ్డకి మొదట కావలసింది పాలు కాదు, చీటీ అనేది. ఒకసారి ఒక నర్సు ఇద్దరు బిడ్డల్ని పక్కపక్కన పడుకోబెట్టి, టీ తాగొచ్చి చీటీలు కడదాంలే అందట. మా అత్తయ్య ఆ నర్సుని వార్డంతా వినేలా కడిగిపారేసింది. పెద్ద డాక్టరమ్మ వచ్చి, బాలింతలు నిద్రపోవాలి, కాస్త మెల్లిగా తిట్టమని బతిమాలిందట. ఆసుపత్రి మూతపడ్డాక ఈ పార్కుకి వచ్చింది. ఇక్కడ చీటీ కాలికి కాదు, చేతికి. గేటు దగ్గర పిల్లల మణికట్టుకి మెత్తటి ప్లాస్టిక్ బ్యాండు వేస్తారు, కత్తెరతో కోస్తే తప్ప ఊడదు.

ఆ బ్యాండు మీద పిల్ల పేరు రాయనివ్వదు ఆవిడ. లోపలివైపు, చర్మానికి ఆనుకునేలా, ఫోన్ నంబరు మాత్రం రాయిస్తుంది. ఒకాయన తన కొడుకు చొక్కా వెనక పేరు ఇంతేసి అక్షరాలతో అచ్చు వేయించుకొచ్చి, ఇదిగో మేమెంత జాగ్రత్తో చూడమన్నట్టు నిలబడ్డాడు. ఎవడో ఒకడు వెనకనుంచి ఆ పేరుతోనే పిలిచి, మీ నాన్న అటు రమ్మన్నాడు అంటే మీవాడు వెళ్ళడా అని అడిగింది మా అత్తయ్య.  అక్కడికక్కడే పిల్లాడి చొక్కా విప్పించి, తిరగేసి తొడిగించి పంపింది. ఆయన నేరుగా మేనేజరు దగ్గరికి పోయాడు. మేనేజరు దగ్గర మా అత్తయ్య మీద వచ్చిన ఫిర్యాదులు పేరిస్తే ఇంకో రైడు కట్టొచ్చు.

మేనేజరంటే ఆవిడకి ఒళ్ళు మంట. కారణం మైకు. మైకులో "తప్పిపోయింది" అనే మాట వాడకూడదని ఆయన రూలు. అతిథులు కంగారుపడతారట, సరదా చెడుతుందట. "ఫలానావారు దయచేసి అతిథి సేవల గదికి రావలసిందిగా కోరుతున్నాము" అని తేనె కారుతున్న గొంతుతో చెప్పాలి. అలా చెబితే జనం ఏదో బహుమతి తగిలిందనుకుని తీరిగ్గా ఐస్‌క్రీం నాక్కుంటూ వస్తారు. ఈలోగా లోపల పిల్ల ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటుంది.

పిల్లల్ని మాత్రం ఆవిడ కోప్పడదు. వాళ్ళని కూర్చోబెట్టి చల్లగా అడుగుతుంది. అమ్మ పేరేంటంటే "అమ్మే" అంటారు. ఇల్లెక్కడంటే "లిఫ్టు పక్కన" అంటారు. నాన్న ఏం చేస్తాడంటే "పడుకుంటాడు" అంటారు. ఇవన్నీ ఇంటికొచ్చి మాకు చెప్పి నవ్వించేది. నవ్వు అయిపోయాక మళ్ళీ మొదలు. ఆ పిల్లకి నోరు తిరుగుతోంది కదా, అమ్మ పేరు నేర్పడానికి వాళ్ళకేం రోగం అని, ఆ ముక్కూమొహం తెలియని తల్లిదండ్రుల్ని మా వంటింట్లో నిలబెట్టి దులిపేది. వాళ్ళు దొరకరు కాబట్టి పప్పు గరిటెకి తగిలేది ఆ కోపం.

నాకూ కోపం తక్కువేం కాదు. ఒకే వంటింట్లో రెండు కోపాలు ఇమడాలంటే ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దానిమీద మేమిద్దరం వారం రోజులు మాట్లాడుకోని సందర్భాలున్నాయి. మాకు కలిసేది ఒక్క విషయంలోనే, మా పాప దగ్గర. గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్ళు, ఎక్కడా ఆగని పరుగు. బుడంకాయ అని పిలుస్తాం. నాలుగేళ్ళది.

ఇక మా ఆయన. బండ్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు. ఎదుటివాడికి అవసరం లేని బండిని కూడా నవ్వుతూ అంటగట్టగలడు. చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, బుడంకాయని భుజాన ఎక్కించుకుని ఏనుగాట ఆడతాడు. ఆట అయిపోగానే దింపి ఫోను తీస్తాడు. దింపిన పిల్ల ఎటు పోయిందో ఆయనకి పట్టదు. ఎటు పోయినా ఎవరో ఒక ఆడమనిషి చూసుకుంటుందని ఆయన నమ్మకం. మా ఇంట్లో ఆ నమ్మకం ఏనాడూ వమ్ము కాలేదు. అదే వచ్చిన చిక్కు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. దాన్ని బడిలో వేశాక ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. నేను కలలో కూడా అనుకోనంత మంచి ల్యాబు. ఒకటే మెలిక, ఆదివారం డ్యూటీ చేయాలి. అత్తయ్యకి ఆదివారమే ఊపిరాడని పని. అంటే ఆదివారాలు పాపని చూసుకోవలసింది మా ఆయనే. సోమవారం పొద్దున్నకల్లా చేరతానో లేదో చెప్పమంది ల్యాబు పెద్దావిడ. నాకు ధైర్యం చాలలేదు. ఆ మాట ఆయనతో అంటే పొడుచుకొచ్చింది.

"నా కూతుర్ని నేను చూసుకోలేనా? ఇదేమన్నా రాకెట్ నడపడమా?" అన్నాడు.

అన్నవాడు ఊరుకోలేదు. ఆ ఆదివారం షోరూము స్నేహితులతో కలిసి వాళ్ళమ్మ పనిచేసే పార్కుకే వెళ్తున్నానని, బుడంకాయని తానే తీసుకెళ్తానని, గేటు మూసేదాకా డ్యూటీ పూర్తిగా తనదేనని చెప్పాడు. నన్ను కూడా రమ్మన్నాడు, కానీ దగ్గరికి రాకూడదట. దూరంగా కూర్చుని మార్కులు వేసుకోమన్నాడు. నా ఉద్యోగం ఆ మార్కుల మీద ఆధారపడి ఉందని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.  

ఆదివారం గేటు దగ్గర బ్యాండు వేసే అమ్మాయి, అత్తయ్య నేర్పినట్టే, రెండు నంబర్లు చెప్పమంది. ఫోను మోగితే వెంటనే ఎత్తే మనిషి నంబరు ముందు చెప్పమంది. నా నంబరొక్కటి చాలు అన్నాడు మా ఆయన. పాపని చెప్పులతో సహా కనబడేలా ఇప్పుడే ఒక ఫోటో తీసుకోమంది ఆ అమ్మాయి. ఓ తప్పకుండా అని ఫోను పైకెత్తి, స్నేహితులందరినీ దగ్గరికి లాక్కుని, తన మొహం ముందుండేలా ఒకటి తీసుకున్నాడు. నేను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను. మార్కులు వేసేవాళ్ళు నోరెత్తకూడదు కదా.

నేను వెళ్ళి రంగులరాట్నం పక్కన బల్ల మీద కూర్చున్నాను. కాసేపు వాళ్ళు కనిపించారు. బుడంకాయ ఆయన వేలు పట్టుకుని ఎగురుతోంది. తర్వాత నీళ్ళ రైడ్ల వైపు తిరిగారు, జనం అడ్డం వచ్చారు. లేచి వెళ్ళాలని కాళ్ళు లాగాయి. వెళ్తే నమ్మలేదంటాడు. వెళ్ళలేదు. చేతిలో పుస్తకం ఉంది, అందులో ఒక్క ముక్క చదివితే ఒట్టు.

అప్పుడు నా ఫోను మోగింది. అత్తయ్య.

"నీ కూతురు నా దగ్గరుంది, బాగానే ఉంది. నడిచి రా, పరిగెత్తకు," అంది.

పరిగెత్తాను. బుడంకాయ పొట్టి కుర్చీలో కూర్చుని కాళ్ళూపుకుంటూ గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. బుగ్గల మీద కన్నీళ్ళు ఎండిన చారలు. పక్కన చీపురుతో ఊడ్చే ఆవిడ నిలబడి ఉంది. నీళ్ళ రైడు వెనక, జనాన్ని పోనివ్వకుండా తాడు కట్టిన చోట, మోటారు గది గుమ్మంలో కూర్చుని ఉందట మా పాప. లోపల బెల్టులు తిరుగుతున్నాయట. తాడు కింద నుంచి దూరి వెళ్ళింది, దాని ఎత్తుకి అది అడ్డే కాదు. ఎవరితో వచ్చావంటే నాన్నతో అందట. నాన్న ఏడీ అంటే, "నాన్న తప్పిపోయాడు" అని భోరుమందట. ఊడ్చే ఆవిడ చంకనేసుకుని తెచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంకా గుహ రైలు పక్కన ఊడవాలమ్మా అని ఆవిడ వెళ్ళిపోయింది.

కొడుక్కి చేశారా అని అడిగాను అత్తయ్యని. అందరికీ చేసినట్టే బ్యాండు మీది నంబరుకి ఈ ల్యాండ్‌ఫోను నుంచి చేసిందట. మొదటిసారి కట్ చేశాడు. రెండోసారి ఎత్తి, మాకు లోన్లేం వద్దమ్మా అనేసి పెట్టేశాడు. మూడోసారి అసలు కలవలేదు, నంబరు బ్లాక్ చేసేశాడు. కన్నతల్లి గొంతు కూడా గుర్తుపట్టలేదా అన్నాను. గొంతెత్తనిస్తేగా అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. వెళ్ళి కాలరు పట్టుకుని ఈడ్చుకొస్తానని లేచాను. అత్తయ్య తలుపుకి కాలు అడ్డం పెట్టింది.

"కూర్చో. పిల్ల క్షేమంగానే ఉంది కదా. వాడికెప్పుడు గుర్తొస్తుందో చూద్దాం."

ఆ గది కిటికీలోంచి రోలర్ కోస్టర్ వరస కనిపిస్తుంది. మెలికలు తిరిగిన ఇనుప కమ్మీల మధ్య జనం. అందులో మా ఆయన, స్నేహితులు. నీలం గళ్ళ చొక్కా, నల్ల కళ్ళద్దాలు. ఫోనులో ఏదో చూపించి అందర్నీ నవ్విస్తున్నాడు. వరస ఒక మెలిక జరిగింది. ఆయన కూడా జరిగాడు. ఆయన పక్కన పాప ఉండవలసిన చోట ఎవరో కుర్రాడి బ్యాగు ఉంది. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు కిందికి చూస్తాడు అనుకుంటున్నాను. ఆకాశం వైపు చూశాడు, రైడు ఎంతెత్తు వెళ్తోందో స్నేహితులకి చేత్తో చూపించాడు, చల్లటి నీళ్ళ సీసా కొనుక్కుని గటగటా తాగాడు. కిందికి మాత్రం చూడలేదు. బుడంకాయ కూడా కుర్చీ ఎక్కి చూసింది. "నాన్న అక్కడున్నాడు, దొరికాడు" అని సంతోషంగా చప్పట్లు కొట్టింది. 

ఆ కోపమంతా అత్తయ్య మీద పోశాను. ఇదంతా మీ పెంపకమే అన్నాను. ఇంకో రోజైతే ఆవిడ నన్ను బతకనిచ్చేది కాదు. ఆ రోజు కిటికీ వైపే చూస్తూ, వాడు తిన్న కంచం వాడు తీసిన రోజు లేదు, నేనే తియ్యనివ్వలేదు, అంది. గొంతులో మెత్తదనం ఏమీ లేదు. తన మీద తనకే మండుతున్నట్టుంది.

ఎట్టకేలకు నా ఫోను మోగింది. మా ఆయన. అత్తయ్యకి వినబడేలా స్పీకరు పెట్టాను.

"పాప నీ దగ్గరికి వచ్చేసిందిగా?" అన్నాడు.

అది ప్రశ్న కాదు. తేల్చేసుకుని చెప్పడం. నీ దగ్గర కదా ఉండాలి అన్నాను. 

"ఇందాకటిదాకా ఇక్కడే ఉంది. సరేలే, ఎక్కడికి పోతుంది, అమ్మ పనిచేసే చోటేగా. అందరూ ఎరిగున్నవాళ్ళే. మా వంతు వచ్చేసింది, ఒక్క రౌండు తిరిగొచ్చి వెతుకుతా. ఈలోగా నువ్వు చూస్తూండు."

పెట్టేశాడు.   రోజూ ఎంతమంది పిల్లలు ఎరిగున్నవాళ్ళ మధ్యలోంచే తప్పిపోయి ఈ గదికి వస్తారో ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి తెలియదా? రాత్రి భోజనాల దగ్గర వాళ్ళమ్మ చెప్పిన ఒక్క ముక్కయినా చెవిన పడలేదా?

అత్తయ్య మైకు దగ్గరికి లాక్కుంది. పార్కంతా మోగుతున్న పాట ఆపేసింది. తేనె గొంతు కాదు, ప్రసూతి వార్డులో నర్సుని కడిగిన గొంతు.

"అందరూ వినండి. ఒక పాప మా గదిలో క్షేమంగా ఉంది. పాప తప్పిపోలేదు. పాప వాళ్ళ నాన్న తప్పిపోయాడు. నీలం గళ్ళ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, ఎడమ బుగ్గన సొట్ట. రోలర్ కోస్టర్ వరసలో ముందున్నాడు. చేతిలో ఫోనుంది, చేస్తే ఎత్తడు. పక్కనున్నవాళ్ళు దయచేసి చెయ్యి పట్టుకుని గేటు పక్క గదికి తీసుకురండి. భయపెట్టకండి. పేరు అడిగితే చెబుతాడు."

మళ్ళీ ఒకసారి మొదట్నుంచీ చదివినట్టు చెప్పింది. పార్కు మొత్తం గొల్లున నవ్వింది. కిటికీలోంచి చూస్తే వరసలో జనం ఒకరినొకరు చూసుకుంటున్నారు, తర్వాత అందరి చూపూ ఒకచోట ఆగింది. మా ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, దాంతో దొరక్కుండా పోతాననుకున్నాడేమో. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని, నిజంగానే నడిపించుకుంటూ తీసుకొచ్చారు. ఒకావిడ చంకలో పసిపిల్ల. స్నేహితులు మాత్రం రైడెక్కేశారు.

మేనేజరు ఆయన కంటే ముందే ఊడిపడ్డాడు. రేపు సంజాయిషీ రాసివ్వాలన్నాడు. రాస్తాను, ఇప్పుడు అడ్డం లేవండి, పని మీదున్నాను అంది అత్తయ్య. ఆయన ఎందుకో తప్పుకున్నాడు.

మా ఆయన మొహం కందగడ్డ అయింది. సగం తలుపు మీద చేతులేసి ఊగిపోయాడు. బుడంకాయ లోపల కుర్చీలో ఉంది, అత్తయ్య అడ్డం నిలబడింది కాబట్టి ఆయనకి కనబడటం లేదు.

"పరువు తీశావు కదమ్మా. సొంత కొడుకుని ఇలా చేస్తారా ఎవరైనా?"

"సొంత కొడుకువి కాబట్టే చేశాను. ఇంకొకరి కొడుకైతే పరువు కాపాడేదాన్ని," అంది. "పాప ఏం బట్టలు వేసుకుందో చెప్పు."

ఆ గదికి ఎవరొచ్చినా ముందు అదే అడగాలి. ఊరికే వచ్చి నా పిల్ల అంటే ఇచ్చెయ్యరు. అది ఆయనకీ తెలుసు.

"నేనెవరో నీకు తెలీదా?"

"నువ్వెవరో నాకు తెలుసు. బట్టలేంటో చెప్పు."

గులాబీ రంగు గౌను అన్నాడు. ఆడపిల్ల కాబట్టి గులాబీ గౌనే అయ్యుంటుందని గుడ్డిగా కొట్టాడు దెబ్బ. అలాంటి గౌను దానికి ఒకటి ఉండేది, ఏనాడో పొట్టయి పక్కింటి పిల్లకి ఇచ్చేశాను. ఆ రోజు అది వేసుకున్నది తెల్ల చొక్కా, ఆకుపచ్చ నిక్కరు. పొద్దున్న ఆ నిక్కరు తాడు ముడి వేసుకోవడం రాక ఆయన దగ్గరికే వెళ్ళింది, అమ్మ దగ్గరికి పో అన్నాడు. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. ఆయన గబగబా ఫోను తీశాడు. పొద్దుట్నుంచీ తీసిన ఫోటోలన్నీ వేలితో తోసుకుంటూ పోయాడు. కళ్ళద్దాలు, పళ్ళు, బొటనవేళ్ళు. ఒకదాని మూల బుడంకాయ జుట్టు కొన ఉంది. అంతే. చంకలో పసిపిల్ల ఉన్న ఆవిడ కిసుక్కున నవ్వింది.

ఇక ఆగలేక బుడంకాయ అత్తయ్య వెనకనుంచి ఉరికింది. తలుపు మీదుగా చేతులు చాపి, "నాన్నా, నువ్వు దొరికావా!" అని కేరింతలు. దాని మొహంలో ఎంత సంబరమో. అది చూస్తే నాకు కోపం ఇంకా పెరిగింది.

"అదిగో, నాన్న అంటోందిగా. ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు మా ఆయన.

"అది నిన్ను గుర్తుపట్టింది. నేను అడిగింది నువ్వు దాన్ని గుర్తుపడతావా అని," అంది అత్తయ్య.

 ఆయన తలుపు అవతల గొంతుక్కూర్చున్నాడు. తలుపు చెక్కల సందులోంచి పాపని పైనుంచి కింది దాకా చూశాడు. బండి కొనేవాడు గీతల కోసం వెతికినట్టు చూశాడు. పిక్క దగ్గర ఆగాడు. అక్కడ రూపాయంత నల్లటి మచ్చ. ఇదేంటి అన్నాడు.

"నీ బండి గొట్టం కాల్చింది నాన్నా," అంది బుడంకాయ, ఆయనకి కథ చెబుతున్నంత సరదాగా. "నువ్వు ఫోనులో ఉన్నావు కదా. నేను ఏడ్చాను కదా."

ఆ కాలికి మందు రాసింది నేను. ఆ రోజే చెప్పాను ఆయనకి. అవునా, జాగ్రత్తగా ఉండాలి అని టీవీ వైపు తిరిగాడు. ఎవరు జాగ్రత్తగా ఉండాలో చెప్పలేదు.

 లేచినప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పోనీలే, బుద్ధొచ్చింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. నా వైపు తిరిగి, ఎంతో పెద్దమనసుతో, మెత్తగా అన్నాడు:

"సరే, ఒప్పుకుంటున్నా. నావల్ల కాదు. నువ్వు రేపు ఆసుపత్రికి ఫోన్ చేసి రాలేనని చెప్పెయ్. ఉద్యోగం కన్నా పిల్ల ముఖ్యం కదా మనకి."

నాకు చెవులు గుయ్యిమన్నాయి. పోగొట్టింది ఆయన. వెతకనిది ఆయన. బట్టలు తెలియనిది ఆయన. మానుకోవలసింది నేను! నిజం చెప్పొద్దూ, నాలో ఒక మూల కూడా అదే మాట మెదులుతోంది. మోటారు గది గుమ్మం కళ్ళముందు నుంచి పోవడంలేదు. ఆయన నోటితో ఆ మాట వినకపోయి ఉంటే సాయంత్రానికి నేనే మానుకునేదాన్నేమో.

బల్ల మీది ల్యాండ్‌ఫోను లాక్కున్నాను. ల్యాబు పెద్దావిడ నంబరు నోటికి వచ్చు, అన్నిసార్లు చేద్దామనుకుని మానేశాను కాబట్టి. ఆవిడ ఒక్క రింగుకే ఎత్తింది. రేపు పొద్దున్న చేరుతున్నానండీ అన్నాను. ఆదివారాలు చేయగలవా అని అడిగింది. చేస్తానండీ, ఇంట్లో పాపని చూసుకోవడానికి మనిషి ఉన్నాడు అన్నాను. పెట్టేశాను.

మా ఆయన నోరు తెరిచాడు. తెరిచిన నోటిని అలాగే ఉండనిచ్చాను.

"నేనేం పుట్టుకతో నేర్చుకొచ్చానా? రాకపోతే నేర్చుకో," అన్నాను.

అత్తయ్య వంగి గడియ తీసింది. బుడంకాయ నడుం పట్టుకుని ఎత్తి, ఆయన ముందు నిలబెట్టింది. దాని చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది. గేటు మూసేదాకా డ్యూటీ నాదేనని నువ్వే అన్నావుగా, ఇంకా చాలా పొద్దుంది, వెళ్ళు అంది. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన నిక్కరు తాడు ఊడి ఉండటం చూసి, కూర్చుని అడ్డదిడ్డంగా ముడి వేశాడు. ఇద్దరూ బయలుదేరారు. చిటికెన వేలు కాదు, మణికట్టు పట్టుకున్నాడు. బుడంకాయ అప్పటికే జెయింట్ వీలు వైపు లాగుతోంది.

వాళ్ళు ఐస్‌క్రీం కొట్టు దాటగానే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. అత్తయ్య నా భుజం మీద చెయ్యేసి అదిమింది.

"కూర్చోవే. రేపట్నుంచి ఎలాగూ నువ్వు చూడలేవు," అంది. "నేను చూస్తాలే ఈ పూటకి."

ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది. నేను పొట్టి కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాను. కోపంతో ఏడుపొస్తోంది. బయట ఎవరి పిల్లో కెవ్వుమంది, నా పిల్ల కాదు. కిటికీ నా పక్కనే ఉంది, మెడ తిప్పితే చాలు. వాళ్ళిద్దరూ జనంలో కలిసిపోయి ఉంటారనిపించేదాకా కళ్ళు గట్టిగా మూసుకునే కూర్చున్నాను.